టెస్టులకు వేరు కాపురాలు పెట్టించకండి

ప్రతి వెబ్ ప్రాజెక్టులోనూ ఈ మధ్య ఒక సంస్కర్త బయలుదేరుతున్నాడు. కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామే టెస్టు; అది దేనికది విడిగా నడవాలట. ఏ టెస్టైనా ఖాళీ డేటాబేస్‌తో మొదలై, పని కాగానే తను పెట్టినవన్నీ ఎత్తేసి వెళ్లాలట. వినడానికి బాగానే ఉంది. కానీ ఏళ్ల తరబడి ఒకే డేటాబేస్‌లో కలిసిమెలిసి బతికిన టెస్టుల చేత వేరు కాపురాలు పెట్టించడం ఎంత ఘోరమో ఎవరికీ పట్టడం లేదు.

వాటి అన్యోన్యత చూడండి. లాగిన్ టెస్టు ఒక యూజర్‌ని తయారు చేస్తుంది. కార్ట్ టెస్టు ఆ యూజర్‌తోనే లోపలికెళ్లి మూడు వస్తువులు వేస్తుంది. ఆర్డర్ టెస్టు వచ్చి, కార్ట్‌లో మూడున్నాయా లేదా అని లెక్క చూసి పాసవుతుంది. తను వేసినవి కావు, అయినా ఎంత నమ్మకం! దాన్నొక్కదాన్నే నడిపితే ఫెయిలవుతుంది, నిజమే. ఒక్కదాన్నే ఎందుకు నడపాలి?

ఇదంతా గాల్లో దీపం కాదు, పెద్దలు ముందుచూపుతో కట్టిన వ్యవస్థ. పైథాన్ భాషలో టెస్టులు నడిపే యూనిట్‌టెస్ట్ వాటిని పేర్ల అక్షర క్రమంలో నడుపుతుంది కాబట్టి లాగిన్ టెస్టుకు 'టెస్ట్_ఏఏఏ_లాగిన్' అనీ, యూజర్‌ని తీసేసే టెస్టుకు 'టెస్ట్_జెడ్‌జెడ్‌జెడ్_డిలీట్' అనీ నామకరణం చేశారు. మధ్యలో ఒక టెస్టు పేరు మార్చిన కుర్రవాడు పదిహేడు ఫెయిల్యూర్లు చూసి బిత్తరపోయాడంటే, అది అతని అనుభవలేమి.

టూల్స్ తయారుచేసేవాళ్లూ ఈ కుట్రలో ఉన్నారు. జావాలో టెస్టులు నడిపే జేయూనిట్ ఒక్కో టెస్టు మెథడ్‌కి ఒక్కో కొత్త ఆబ్జెక్టు ఇస్తుంది, పక్కవాడి వేరియబుల్‌లో ఏముందో తొంగి చూసే వీలు లేకుండా. రూబీలో మినీటెస్ట్ అయితే ఎవరూ అడక్కుండానే టెస్టులను కలగాపులగం చేసి నడుపుతుంది. గో భాష కూడా 2021లో, 1.17 వెర్షన్‌లో, వరుస కలిపేసే షఫుల్ ఆప్షన్ తెచ్చిపెట్టింది. పైగా ఏ వరుసలో నడిచాయో మళ్లీ పుట్టించగలిగే సీడ్ నంబరు అచ్చేస్తారు. దాన్ని పట్టుకుని సరిగ్గా అదే వరుసలో మళ్లీ నడిపి, ఎవరు ఎవరి మీద ఆధారపడుతున్నారో కూపీ లాగుతారు. ఇది నిఘా కాక మరేమిటి?

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో మామూలు టెస్ట్‌కేస్ ప్రతి టెస్టునూ ఒక ట్రాన్సాక్షన్‌లో చుట్టి, చివర్లో రోల్‌బ్యాక్ చేసేస్తుంది, అంటే డేటాబేస్‌లో చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేస్తుంది. పాపం టెస్టు తయారుచేసిన యూజర్ కమిట్‌కు, అంటే డేటాబేస్‌లో శాశ్వతంగా నిలవడానికి, నోచుకోకుండానే పోతాడు. కాస్త జాలి చూపించేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. యూజర్ రో వెనక్కి పోయినా, వరుస నంబర్లు పంచే సీక్వెన్స్ ఇచ్చిన నంబరు వెనక్కి రాదు. 'కొత్త యూజర్ ఐడీ 1' అని గట్టి నమ్మకంతో రాసిన టెస్టు, ముందు ఇంకో టెస్టు నడిచిందంటే చాలు, 2 చూసి బోర్లా పడుతుంది. సంస్కర్తలు దీనికీ మందు చెబుతారు: నంబరు రాసుకోవద్దు, తయారైన యూజర్‌నే దాని ఐడీ అడగండి అని. మర్యాదస్థులు అలా మొహం మీద అడుగుతారా?

ఫెయిలైతే మన దగ్గర మందు లేదా? 'మళ్లీ రన్ చెయ్' బటన్ ఉంది. అది చాలకపోతే మూడు రీట్రైలు, అప్పటికీ ఆకుపచ్చ కాకపోతే మధ్యలో అయిదు సెకన్ల స్లీప్. కోడ్ ముట్టుకోకుండానే ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల గురించి గూగుల్ ఇంజనీర్లు 2016లోనే చెప్పారు: తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఆ చాపల్యం ఎంతో కొంత ఉందని. అంతటివాళ్లకే 16 ఉంటే, మనం 40 దగ్గర ఉండటం వెనకబాటుతనం ఎలా అవుతుంది?

బ్రౌజర్‌నూ వదల్లేదు వీళ్లు. బ్రౌజర్‌ని నడిపి టెస్టు చేసే ప్లేరైట్ ప్రతి టెస్టుకూ కొత్త కాంటెక్స్ట్, అంటే ఖాళీ బ్రౌజర్ సెషన్ లాంటిది, తెరుస్తుంది. పాత కుకీ ఒక్కటి మిగలదు. ఇప్పుడు గడియారం మీద పడ్డారు. టెస్టు నడిచినంతసేపూ అసలు టైము ఆపేసి, నకిలీ తేదీ చూపించాలట. మా ఆఫర్ గడువు టెస్టు ఫెయిలయ్యేది సరిగ్గా రాత్రి పన్నెండు దాటే ఆ కాసేపే. దానికోసం గడియారం ఆపడం దేనికి? ఆ వేళకి డిప్లాయ్ చేయడం ఆపితే టెస్టుతో పాటు మనమూ పడుకుంటాం.