బుడగ కనిపిస్తే చాలు, పాతదని తేల్చేస్తారా?

పాత సామాన్ల అమ్మకానికి వెళ్లి ఇప్పుడే వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. అక్కడ అమ్మే ఆయన ఒక వైన్ గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఈ గాలి బుడగ చూశారా? 1750 నాటిది, అనుమానమే లేదు" అన్నాడు. ఒక్క బుడగ చూసి! నిన్న ఊదిన గ్లాసులో మాత్రం బుడగ ఉండదా?

తిప్పి అడుగు చూడండి మహానుభావా! ఆ కాలపు ఇంగ్లిష్ గ్లాసుకు, ఊదాక అంచు సరిచేసేందుకు అడుగుకు అతికించిన ఇనుప కడ్డీ నుంచి విడగొట్టిన చోట గరుకు మచ్చ ఉంటుంది. పాంటిల్ మచ్చ అంటాం. అది బల్లకు తగలకుండా అడుగు మధ్యలో పైకి లేచి ఉంటుంది. అడుగు వెడల్పు కూడా చాలావరకు పై గిన్నెకు సమానంగానో, ఇంకాస్త ఎక్కువగానో ఉంటుంది. ఆయన చేతిలోని దానికి మచ్చ లేదు, అడుగు చదునుగా ఉంది, గిన్నె కంటే చిన్నది. అదే చెప్పాను. "ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నామండీ" అన్నాడు. నేనడిగింది గ్లాసు వయసు కదా!

బరువు చూసి తేల్చేవాళ్లు ఇంకో రకం. బ్రిటన్‌లో 1745లో గాజు మీద బరువును బట్టి పన్ను వేశారు, 1845లో గానీ ఎత్తేయలేదు. అందుకని తేలిగ్గా ఉన్న ప్రతిదీ పన్ను తర్వాతదే అంటారు. అంతకుముందు తేలిక గ్లాసులే లేవా?

సరే, వీళ్లకు తెలియదనుకుందాం. తెలిసినవాళ్లు చేసిన పనే నేను మర్చిపోలేను. కొన్నేళ్ల క్రితం నా దగ్గరున్న గ్లాసు అంచు కాస్త పెచ్చు లేచిందని బాగుచేసే ఒకాయనకు ఇచ్చాను. అడుగున బల్లకు ఆనే చోట వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు ఉండేవి, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. ఎన్ని చేతులు ఎన్నిసార్లు దాన్ని పెట్టి తీస్తే పడ్డ గీతలవి! గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చేవాళ్ల గీతలైతే చాలావరకు ఒకే వైపుకు పోతాయి, భూతద్దంలో ఇట్టే దొరికిపోతాయి. నావి అసలైనవి. ఆయన అంచు ఒక్కటీ చేసి ఊరుకోలేదు. అడుగంతా పాలిష్ పట్టేశాడు, పాంటిల్ మచ్చను కూడా నున్నగా అరగదీశాడు. "అద్దంలా చేశానండీ" అని నవ్వుతూ చేతికిచ్చాడు. నేను అడిగానా?

మొన్న ఇంటికొచ్చిన స్నేహితుడికి అదే గ్లాసు చూపించాను. తిప్పి, అడుగు మీద వేలు రాసి, "కొత్తదిలా ఉందే" అన్నాడు.