120 హార్స్‌పవర్ ఉన్నంత మాత్రాన కారు ట్రాక్టర్ అయిపోదు

విజయవాడ, గుంటూరు కారు గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ట్రాక్టర్‌కి ఉన్నది 45 హార్స్‌పవర్, అయినా ఐదు టన్నులు లాగుతుంది. మీ టర్బో కారుకి 120 హార్స్‌పవర్ ఉంది. టన్ను లాగలేదా? వెనక హుక్ వేయించి చిన్న ట్రాలీ తగిలించుకోండి, కిరాయి డబ్బులు మిగులుతాయి" అని దాని సారాంశం. కింద ఇంకొన్ని చిట్కాలు: బరువంతా ట్రాలీ వెనక భాగంలో సర్దాలట. ఆటోమేటిక్ అయితే ఇంకా సుఖమట. ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే వాల్వు) తీసేయించాలట. ఖరీదైన పెట్రోలు పోస్తే ఆయిల్ ఆలస్యంగా మార్చినా ఫరవాలేదట. సొంత వాడకానికి ట్రాలీకి రిజిస్ట్రేషనే అక్కర్లేదట.

ఐ20 ఎన్ లైన్, పోలో జీటీ, ఆల్ట్రోజ్ రేసర్ లాంటి చిన్న స్పోర్టీ కార్లను ఇష్టపడి కొనుక్కున్నవాళ్లకు ఈ మెసేజ్ చేరుతోంది కాబట్టే ఇది రాస్తున్నాను. వాటిని పాడు చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పైగా ఇందులో ప్రాణాల మీదికి తెచ్చేవీ ఉన్నాయి.

ముందు ట్రాక్టర్ సంగతి. అంకెలు నిజమే కాబట్టి ఈ పోలిక చదవగానే సరైనదే అనిపిస్తుంది. కానీ హార్స్‌పవర్ చెప్పేది ఇంజిన్ ఎంత వేగంగా పని చేయగలదో. ఎంత బరువు కదిలించగలదో అది చెప్పదు. ఐ20 ఎన్ లైన్ ఆ 120 ఇచ్చేది ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ అరుస్తున్నప్పుడు. దాని టార్క్, అంటే తిప్పే బలం, 172 న్యూటన్ మీటర్లు. 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఇంజిన్ టార్క్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. మరి తేడా ఎక్కడ? గేర్లలో. కారు మొదటి గేరులో ఇంజిన్ ఓ పదిహేను చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ట్రాక్టర్ అతి నెమ్మది గేరులో చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇంజిన్ వంద చుట్లకు పైనే తిరగాలి. చక్రం దగ్గర బలం అన్ని రెట్లు పెరుగుతుంది, వేగం అన్ని రెట్లు పడిపోతుంది. ట్రాక్టర్ సొంత బరువే రెండు టన్నుల దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం లాగే వెనక చక్రాల మీదే పడుతుంది, ట్రాలీ తగిలిస్తే ఇంకాస్త అక్కడే పడుతుంది.

మన కారు సుమారు 1,100 కిలోలు. బండిని లాగేవీ, మలుపు తిప్పేవీ ముందు చక్రాలే. వెనక హుక్ మీద బరువు పడితే కారు ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. వానకు తడిసిన కనకదుర్గమ్మ వారధి మీద స్టీరింగ్ తేలికైపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకా అనుమానం ఉన్నవాళ్లు టాటా ఏస్‌ని చూడండి. 2005లో వచ్చిన మొదటి ఏస్‌కి ఉన్నది రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజిన్, 16 హార్స్‌పవర్. దాంతోనే 750 కిలోలు మోసింది. మోయగలిగింది ఛాసిస్, కమాన్ కట్టలు, గేర్లు, బ్రేకులు ఆ పని కోసమే కట్టినవి కాబట్టి.

మెసేజ్ రాసిన వ్యక్తికి బ్రేకులు గుర్తే రాలేదు. లాగడం కంటే ఆపడమే పెద్ద పని. మిర్చి టిక్కీ (బస్తా) ఒక్కోటి 40, 45 కిలోలు ఉంటుంది. ఇరవై టిక్కీలు ట్రాలీలో వేస్తే 800 నుంచి 900 కిలోలు, ట్రాలీ బరువు అదనం. అంటే కారు బ్రేకుల మీద ఉన్నట్టుండి ఇంకో కారంత బరువు. చిన్న కార్లతో ట్రైలర్లు లాగడం మామూలైన యూరప్‌లో కూడా 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలి. మన దగ్గర వెల్డింగ్ షాపులో చేయించే చిన్న ట్రాలీకి బ్రేకు ఎక్కడుంది? కోటప్పకొండ ఘాట్ దిగేటప్పుడు ఆ బరువంతా వెనక నుంచి తోస్తుంటే ముందు డిస్కులు ఎర్రగా కాలిపోతాయి. పెడల్ మెత్తబడి లోపలికి వెళ్లిపోతుంది.

ఇక హుక్. "ఆటోనగర్‌లో గంటలో వేసేస్తారు" అని మెసేజ్. ఆటోనగర్ పనివాళ్ల చేతి నైపుణ్యం మీద నాకు చాలా గౌరవం. కానీ ఎంత మంచి వెల్డరైనా లేని బలాన్ని అతికించలేడు. వెనక బంపర్ ప్లాస్టిక్ విప్పించి ఒకసారి లోపల చూడండి. సన్నటి ప్రెస్ చేసిన రేకు దూలం ఒకటి అడ్డంగా ఉంటుంది. దాని రెండు చివరలూ నాలుగేసి బోల్టులతోనో అంతకంటే తక్కువతోనో బాడీ రేకుకి బిగించి ఉంటాయి. గుద్దుకున్నప్పుడు నలిగిపోయి లోపలివాళ్లను కాపాడాలని పెట్టిన రేకు అది. దానికి హుక్ అంటిస్తే వెల్డింగ్ వేడికి తుప్పు పట్టనివ్వని పూత కాలిపోతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ ట్రాలీ దాన్ని లాగుతుంది, తోస్తుంది. వెల్డింగ్ అంచు వెంబడి వెంట్రుకంత పగులు మొదలవుతుంది. బంపర్ కింద దాగి ఉంటుంది కాబట్టి ఊడిపోయేదాకా ఎవరికీ కనబడదు.

టూల్‌కిట్‌లో వచ్చే ఇనుప కొక్కెం కూడా ఇందుకు పనికిరాదు. బంపర్ మీద చిన్న మూత తీసి స్క్రూలాగా తిప్పి బిగించే ఆ కొక్కెం, ఆగిపోయిన మన కారుని ఇంకొకరు తిన్నగా లాగడానికి ఇచ్చింది. (పోలోలో అది ఎడమ మర. అందరూ కుడి వైపు తిప్పి, పట్టడం లేదంటారు. ఎడమకు తిప్పితే బిగుస్తుంది.)

చాలా చిన్న కార్ల ఓనర్ మాన్యువల్‌లో ట్రైలర్ లాగడం సిఫారసు చేయమని స్పష్టంగా రాసి ఉంటుంది. మీ పుస్తకంలో ఆ వాక్యం ఉంటే ఇంక చర్చే లేదు. ఇదే మోడల్ యూరప్‌లో లాగుతుందిగా అని వాదించొద్దు. అక్కడ కంపెనీ పరీక్షించి, ఇంత బరువు దాకా అని రాసిచ్చిన బండి అది.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా దాని మీద కనబడాలి. సొంత వాడకమా, కిరాయా అన్న తేడా ఇక్కడ పని చేయదు. 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2017 డిసెంబరులో బుల్‌బార్ల (బంపర్ ముందు బిగించే ఇనుప కమ్మీల) మీద కేంద్రం రాష్ట్రాలకు రాసింది ఈ సెక్షన్ ఆధారంగానే. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట ఫొటో తీసేది కూడా ఆ హుక్‌నే.

బరువు వెనక సర్దాలన్న చిట్కా అన్నిటికంటే ప్రమాదం. ట్రాలీ వెనక బరువైతే దాని ముక్కు పైకి లేచి కారు వెనక చక్రాల్ని కూడా లేపుతుంది. కాజ టోల్‌గేట్ దాటాక హైవే మీద 80లో వెళ్తుంటే పక్కనుంచి ఒక బస్సు గాలి కొడితే చాలు, ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా కారు అడ్డం తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, అంతే. బరువు ఇరుసు మీదా, కొంచెం ముందుకీ ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి.

"ఆటోమేటిక్ అయితే సుఖం" అన్నారు. 2020కి ముందటి పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీ, ఐ20 ఎన్ లైన్ డీసీటీ రెండూ రెండేసి క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు, అదీ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకం. లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేట్లే, మన కాలికి బదులు కంప్యూటర్ వాటిని ఆడిస్తుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ కదులుతున్నంత సేపూ అది హాఫ్ క్లచ్ మీదే ఉంటుంది. వేడిని తీసుకెళ్లడానికి అక్కడ ఆయిల్ లేదు. వెనక ట్రాలీ కూడా ఉంటే కాలిన వాసన, డిస్‌ప్లేలో గేర్‌బాక్స్ వార్నింగ్, ఆపైన పెద్ద బిల్లు. పోలో అమ్మకాలు ఇక్కడ 2022లోనే ఆపేశారు. ఉన్న బళ్లని ఇలాంటి పనికి బలి పెట్టడం చూస్తే బాధేస్తుంది.

ఎండాకాలం చిట్కాలు ట్రాలీ లేనివాళ్లకూ నష్టం చేస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది, అందుకే "గాలి తగ్గించు" అనగానే అందరూ నమ్మేస్తారు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుది. నడిచాక మూడు, నాలుగు పాయింట్లు పెరుగుతుందని లెక్కలో వేసుకునే ఆ అంకె ఇచ్చారు. గాలి తగ్గిస్తే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకే లోపల వేడెక్కి పేలుతుంది. స్పోర్టీ కార్ల టైర్లకు పక్కగోడ పొట్టి కాబట్టి గాలి తక్కువైతే గుంతలో రిమ్ కూడా వంగుతుంది. పొద్దున్నే, బండి తీయకముందే గాలి చూసుకోండి.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లో దిగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రం) తిరిగేది నిమిషానికి లక్ష చుట్లకు పైగా, ఆ పలచటి ఆయిల్ పొర మీదే. ఇంజిన్ నిజంగా వేడెక్కుతుంటే రేడియేటర్ రెక్కల్లో చెత్త ఉందేమో, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశారేమో కూడా చూడాలి. ఆ నీళ్ల సున్నం అల్యూమినియం రేడియేటర్‌ని లోపలి నుంచి పూడ్చేస్తుంది.

ఖరీదైన పెట్రోలు ఆయిల్‌ని కాపాడదు. ఐ20 టర్బో, పోలో టీఎస్‌ఐలలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ వాల్వుల్ని తాకదు కూడా. కాబట్టి అక్కడ పేరుకునే కార్బన్‌ని ఏ పెట్రోలూ కడగలేదు. పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిల్, చెప్పిన గడువుకు మార్చండి. దుమ్ము, ట్రాఫిక్, ఎండల్లో తిరిగే బళ్లకు అదే పుస్తకంలో కఠిన వాడకం అని గడువు తగ్గించిన పట్టిక వేరే ఉంటుంది. మన ఊళ్లో వాడకం ఆ పట్టికలోకే వస్తుంది. హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక టర్బో చల్లబడేలా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.

సామాను ఉంటే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ఆగిపోయిన స్నేహితుడి కారుని దగ్గర్లోని షెడ్డు దాకా తాడుతో లాగాల్సి వస్తే రెండు బళ్ల మధ్య 5 మీటర్లు మించనివ్వకుండా, అవతలి స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్న మనిషిని కూర్చోబెట్టి, నెమ్మదిగా వెళ్లండి. ఆగిపోయింది డీసీటీ బండి అయితే తాడు కట్టొద్దు. ముందు చక్రాలు నేలకు ఆనకుండా ఎక్కించే రికవరీ వ్యాన్‌ని పిలవండి.