ఫియట్‌ను అమ్మొద్దంటున్న మా వాళ్లందరికీ

అమ్మొద్దని చెప్పడానికి ఖర్చేమీ కాదు. హనుమకొండలో మా ఇంటి రేకుల షెడ్డులో ఉన్న బాపు, అంటే మా నాన్న, ఫియట్ కారును అమ్మాలనుకుంటున్నానని బంధువుల గ్రూపులో చెప్పినప్పటి నుంచి నాకు మాటలు పడుతూనే ఉన్నాయి. "బాపు గుర్తును బజారుకెక్కిస్తావా?" అని ఒకరు. "డబ్బుకు అంత ఇబ్బందిగా ఉందా తమ్మీ?" అని ఇంకొకరు. తరతరాలు ఇంట్లో ఉండాల్సిన వస్తువు అని అమెరికా నుంచి మరొకరు. వీళ్లలో ఆ బండిని ఒక్కసారి గుడ్డ పెట్టి తుడిచినవాళ్లు లేరు. నిష్ఠూరంగా ఉన్నా ఈ మాట అనక తప్పదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పట్టా కప్పి, మూల నిలబెట్టి, తుప్పుకు వదిలేసి దాన్నే ప్రేమ అనుకోవడం నాకు చేతకాదు. నడిపేవాడి చేతికి ఇవ్వడమే ఆ కారుకు మనం చేయగలిగిన మర్యాద.

మన ఇంట్లో పిల్లలకు తెలియదు కాబట్టి ఆ బండి ఏమిటో కాస్త చెప్పాలి. అది 1975 నాటి ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా అమ్మిన మోడలే 1974లో పద్మిని అయింది. పేరు మార్చినా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు, అందరికీ అది ఫియటే. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. అప్పట్లో డబ్బు కట్టినవాడికి వెంటనే కారు దొరికేది కాదు, ఏళ్ల తరబడి వరుసలో ఉండాల్సిందే. మిర్చి, పత్తి అడ్తి వ్యాపారం చేసే బాపు అలా వేచి ఉండి తెచ్చుకున్న బండి ఇది. మేడారం జాతరకు తాడ్వాయి అడవి దారిలో డిక్కీ నిండా అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, వేసుకుని, లోపల పట్టేదాని కన్నా ఎక్కువ మంది ఎక్కి వెళ్లేవాళ్లం. మా అక్క డ్రైవింగ్ నేర్చుకున్నది దీని మీదే. ఆడపిల్ల కారు నడిపితే హనుమకొండ చౌరస్తాలో జనం ఆగి చూసిన రోజులవి. బాపు పక్క సీట్లో కూర్చుని "నువ్వు రోడ్డును చూడు, జనాన్ని కాదు" అనేవాడు.

ఇదంతా నాకు గుర్తు లేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. గుర్తుంది కాబట్టే దాని ఇప్పటి స్థితి చూడలేకపోతున్నాను.

2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగినప్పుడు మన షెడ్డులోకీ నీళ్లు వచ్చాయి. 2023 జులైలో మళ్లీ వచ్చాయి. రెండుసార్లూ నీళ్లు కారు తలుపుల అంచు దాటాయి. బురద కడిగించాను, సీట్లు ఎండబెట్టించాను, పైకి అంతా బాగానే కనిపించింది. మొన్న డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు ఎత్తి, కింది రేకును స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. బలం పెట్టాల్సిన పనే లేకుండా అది అవతలికి దిగిపోయింది. బయటికి తీస్తే చుట్టూ ఎర్రటి పొట్టు రాలింది, ఆ చిల్లులోంచి షెడ్డు నేల కనిపించింది. పైన రంగు మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. మీరందరూ ఫోటోలో చూసి మురిసిపోతున్నది ఆ రంగునే.

రేకు అతికించవచ్చు. విడిభాగాల సంగతి వేరు. ఇన్నాళ్లూ ఫియట్ సామాను కాస్తయినా దొరికిందంటే అది బొంబాయి ట్యాక్సీల పుణ్యం. నలుపు పసుపు పద్మినీలు వేలల్లో తిరిగాయి కాబట్టి వాటి కోసం సామాను తయారైంది, అది మన దాకా వచ్చింది. ఆ చివరి ట్యాక్సీల గడువు 2023 అక్టోబరుతో ముగిసింది. కారు తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ఇకపై ఒక చిన్న వాషరు కావాలన్నా ఎవరో ఒకరి పాత బండి విప్పాల్సిందే.

పెట్రోలుతో ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రం అనే పలుచని పొర ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. రోజూ తిరిగే బండిలో పెట్రోలు ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది, నిలబెట్టిన బండిలో అదే ట్యాంకును లోపలి నుంచి తినేస్తుంది. మన మెకానిక్ చాచా పంపు విప్పి డయాఫ్రం నా చేతిలో పెట్టాడు. ఉబ్బిపోయి, అంచున పగిలి ఉంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌ను చెవితో విని సరిచేయగల మనిషి ఆయన. ప్లగ్గులకు స్పార్క్ అందించే కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు వేలి గోరుతోనే చూసి చెప్పేస్తాడు. ఆయనకు ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు. కొడుకులది కంప్యూటర్ తగిలించి చూసే పని. చాచా తర్వాత ఈ బండిని ముట్టుకునేవాళ్లు వరంగల్‌లో నాకైతే కనిపించడం లేదు.

కాగితాల మాటకొస్తే, బాపు పోయిన మూడు నెలల్లోపే ఫారం 31 పెట్టి ఆర్సీ నా పేరుకు మార్పించాను. అప్పుడు ఆర్టీఏ ఆఫీసుకు తోడు రమ్మంటే ఎవరికీ తీరిక లేకపోయింది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమని సలహా ఇచ్చినవాళ్లు ఆ నిబంధన కూడా ఒకసారి చదవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమం ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 20,000 రూపాయలు కడితే పదేళ్లకు వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. మన కారుకు వయసు సరిపోయింది. కానీ ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. గుడికీ జాతరకూ తిరిగిన బండిని ప్రదర్శన వస్తువుగా మార్చుకునే సంబరం నాకు లేదు. పెళ్లి ఫోటోలకు కిరాయికి ఇమ్మన్న బావకు కూడా ఒక మాట: వ్యక్తిగత రిజిస్ట్రేషన్ ఉన్న కారును కిరాయికి తిప్పడం నేరం.

కొనడానికి ఇద్దరు గట్టిగా అడిగారు. హైదరాబాద్ నుంచి వచ్చినాయన మంచి ధర చెప్పాడు. ఏం చేస్తారని అడిగితే, కొత్త ఇంజన్ దించి, ఏసీ పెట్టి, లోపలంతా మార్చేస్తానన్నాడు. ఆయన డబ్బు ఆయన ఇష్టం. కానీ ఆ ఇంజన్ పోయాక మిగిలేది ఫియట్ డొక్కు మాత్రమే. పాత ఇనుము వాళ్లు కనీసం ఇనుమును ఇనుమనే అంటారు. ఆయనకు ఇవ్వనన్నాను.

రెండోవాడు జగిత్యాల కుర్రాడు. అతని దగ్గర ఇప్పటికే నడుస్తున్న ఫియట్ ఒకటి ఉంది, దాని మీదే వచ్చాడు. ధర ఊసెత్తకుండా ముందు టార్చిలైటు పట్టుకుని కారు కింద దూరాడు. చిల్లు పడ్డ రేకు నేను చూపించకముందే పట్టుకున్నాడు. చాచాతో కూర్చుని గంటసేపు కార్బురేటర్ గురించే మాట్లాడాడు. చివరికి, తన దగ్గర ఇంతే ఉందని, హైదరాబాద్ ఆయన చెప్పిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ చెప్పాడు. నేను బేరం ఆడలేదు.

మీ అందరిలో నన్ను నిజంగా ఆలోచింపజేసింది గోదావరిఖనిలో ఉన్న అక్క ఒక్కతే. "అమ్మాక మళ్లీ కావాలంటే దొరకదు కదా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజం. క్వార్టర్లో బండి పెట్టే చోటు ఉంటే తనే తీసుకెళ్లేది, ఆ సంగతీ నాకు తెలుసు. ఆ కుర్రాడి గురించి చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఇచ్చే ముందు ఒకసారి ములుగు రోడ్డు మీద తనే నడపాలంది. నడుపుతుంది. ఆ రోజుకు బ్రేకులు సరిచేయించి ఉంచుతాను.

మిగతావాళ్లకు చెప్పేదింతే. ఆర్సీ నా పేరున ఉంది కాబట్టి ఒంటెత్తు పోకడ పోతున్నానని ఎవరూ అనొద్దు. నీళ్లు రాని షెడ్డు ఉండి, రేకు పని చేయించి, వారానికి ఒకసారైనా నడుపుతానని మీలో ఎవరు ముందుకొచ్చినా ఒక్క రూపాయి తీసుకోకుండా తాళాలు ఇస్తాను, బదిలీ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను. దసరా దాకా ఆగుతాను. ఆ రోజు ఎప్పటిలాగే బండికి పూజ చేసి నిమ్మకాయలు తొక్కిస్తాం, రాగలిగినవాళ్లు రండి. అప్పటికీ ఎవరూ అడగకపోతే మరుసటి రోజే జగిత్యాల కుర్రాడిని పిలిచి, బండిని అతని పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టేస్తాను.