ఆరు వందల నలభై ఎకరాల సంబంధం

మొన్న శనివారం విజయవాడ నుంచి సికింద్రాబాద్ వస్తూ, రైల్లో, నా పరువు నేనే తీసుకున్నాను. రైలు ఎలా ఎక్కాను, సీటు ఎలా దొరికింది, టిఫిన్ డబ్బా ఇంట్లోనే ఎలా మర్చిపోయాను, అవన్నీ అనవసరం. మధిర దాటాక జరిగింది చెబుతాను.

ముందు నా జబ్బు సంగతి. నాకు వెస్టర్న్ రొమాన్స్ నవలల పిచ్చి. పాత అమెరికా, గుర్రాలు, దుంగల ఇళ్లు, మంచు తుపాన్లు. అందులోనూ అవసరం కోసం చేసుకునే పెళ్లిళ్ల కథలంటే ప్రాణం. మ్యారేజ్ ఆఫ్ కన్వీనియన్స్ అంటారు వాళ్లు. ఆయనకు భూమి కావాలి, ఆవిడకు తలదాచుకోవడానికి ఇల్లు కావాలి. పేరుకే మొగుడూ పెళ్లాలమని ముందే ఒప్పందం. మూడో అధ్యాయంలో ఇంట్లో మంచం ఒకటే ఉందని తెలుస్తుంది. ఏడో అధ్యాయంలో మంచు పడుతుంది. పన్నెండులో ఇద్దరిలో ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది. ఇదంతా తెలిసే చదువుతాను. ఇడ్లీలో ఏముంటుందో తెలిసే కదా రోజూ తింటున్నాం.

ఈ జబ్బు నాకు అంటించింది మా వదిన. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటుంది. ఇద్దరం ఒకే నవల మొదలుపెట్టి, ఫోన్లో దాని గురించి కొట్లాడుకుంటాం. ఈసారి దొరికిన నవల వాళ్ల ఒరెగాన్‌లోనే, 1851లో జరుగుతుంది. అట్ట మీద బొమ్మలో హీరోకి పెద్ద అంచుల స్టెట్సన్ టోపీ ఉంది. ఆ రకం టోపీ మార్కెట్లోకి వచ్చిందే 1865లో. పోనీ, టోపీని క్షమించవచ్చు. చొక్కా ఎలాగూ లేదు, అదన్నా ఉండనీ అనుకున్నాను.

నాకు మండింది వేరే విషయానికి. 1850 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం, ఒరెగాన్‌లో స్థిరపడిన తెల్లవాళ్లకు భూమి ఊరికే ఇస్తామని చట్టం చేసింది. అప్పటికే అక్కడున్న ఒంటరి మగవాడికి 320 ఎకరాలు. భార్య ఉంటే 640. ఇప్పుడు లేకపోయినా 1851 డిసెంబరు 1 లోపు పెళ్లి చేసుకుంటే చాలు. నాలుగేళ్లు అక్కడే ఉండి సాగు చేయాలి. ఆ గడువు కోసం జనం పరిగెత్తారు. పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు కూడా పెళ్లిళ్లు చేసేశారు. నవలల్లో మాత్రం పెళ్లికూతురికి ఎప్పుడూ ఇరవై ఆరేళ్లే. అసలు విశేషం ఏమిటంటే, ఆ రెండో 320 ఎకరాలు భార్య పేరు మీద, ఆవిడ సొంత హక్కుగా ఇమ్మని చట్టంలోనే రాశారు.

మరి మన హీరోయిన్ అబిగైల్! రెండు వేల మైళ్లు బండి ప్రయాణం చేసి, దారిలో మొగుణ్ణి కలరాకి పోగొట్టుకుని, ఒరెగాన్ చేరి, నవంబరులో జేక్ అనేవాణ్ణి పెళ్లాడింది. అప్పటినుంచి రెండు వందల పేజీలు "ఇది మీ ఇల్లు, మీ భూమి, నేను నీడ కోసం వచ్చినదాన్ని" అని ఏడుస్తూనే ఉంది. రచయిత్రి చట్టంలో సగమే చదివి పుస్తకం మొదలుపెట్టినట్టుంది.

ఇది వదినకు చెప్పాలని ఫోన్ చేశాను. పెళ్లిరోజుకి మావారు కొనిచ్చిన ఇయర్‌బడ్స్ పెట్టుకున్నాను. అవి బయటి శబ్దాన్ని లోపలికి రానివ్వవట. కొన్న రోజు షాపులో ఆ అబ్బాయి పావుగంట ఇదే పాట పాడాడు. నిజమే, రైలు చప్పుడు కూడా వినపడలేదు. కానీ మన గొంతు మనకు వినపడకపోతే మనం ఎంత గట్టిగా మాట్లాడతామో ఆ అబ్బాయి చెప్పలేదు, డబ్బా మీదా రాయలేదు. బ్యాటరీ గురించి, గ్యారంటీ గురించి, నీళ్లలో తడపొద్దని, పిల్లలకు ఇవ్వొద్దని పద్నాలుగు భాషల్లో రాశారు. ఒక్క ముక్క, "అరవకండి" అని రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

నేను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇవి:

"వదినా, సగం భూమి దాని పేరు మీదే ఉంది! వాడి కాళ్ల దగ్గర పడి ఉండాల్సిన ఖర్మేంటి దానికి? వాడు చేసుకుందే భూమి కోసం, డిసెంబరు ఒకటో తారీకు లోపల కావాలని! నోరు మూసుకుని నాలుగేళ్లు కాపురం చేసి, పట్టా చేతికి రాగానే తన మూడు వందల ఇరవై ఎకరాలు తను తీసుకుని వెళ్లిపొమ్మను! మంచం సంగతి తర్వాత చూసుకోవచ్చు!"

అప్పుడు కుడి చెవిలో టింగుమని ఏదో మోగింది. ఛార్జింగ్ అయిపోయిందేమోనని దాన్ని తీశాను.

నిశ్శబ్దం. రైల్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. పల్లీలమ్మే అబ్బాయి తట్ట భుజం మీద పెట్టుకుని నిలబడిపోయాడు. ఎదురు సీట్లో మామ్మగారు, ఆవిడ పక్కన కోడలు. కిటికీ దగ్గర కరెంట్ అఫైర్స్ పుస్తకం పట్టుకున్న కుర్రాడు. నా పక్కన తెల్ల చొక్కా పెద్దాయన. అందరూ నన్నే చూస్తున్నారు. తప్పు చేసినదాన్ని చూసినట్టు కాదు, సీరియల్లో మంచి చోట కరెంటు పోతే టీవీని చూస్తామే, అలా.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "రెవెన్యూలో ముప్ఫై ఆరేళ్లు చేశానమ్మా. మొత్తం ఎన్ని ఎకరాలన్నావు?"

అదే నేను తప్పించుకోవాల్సిన క్షణం. "ఇది నవలండీ" అంటే అయిపోయేది. కానీ నవల అంటే, ఏ నవల, ఏదీ చూపించు అంటారు. చూపిస్తే అట్ట కనపడుతుంది. ఆ అట్టని మామ్మగారి ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. అందుకని నోట్లోంచి నిజమే వచ్చింది.

"ఆరు వందల నలభై అండీ."

"ఆరు వందల నలభయ్యా! సీలింగు తెలుసా నీకు? 1973 చట్టం ప్రకారం ఎంత పనికిరాని మెట్టయినా ఐదుగురి కుటుంబానికి యాభై నాలుగు ఎకరాలు దాటకూడదు. ఎవరు ఇప్పిస్తామన్నారు మీకు?"

"ఇక్కడ కాదండీ, ఒరెగాన్‌లో."

"అదే మండలం?" అన్నారు మామ్మగారు.

"అమెరికా అండీ."

ఓహో అని అందరూ ఒకేసారి వెనక్కి వాలారు. అమెరికా అనగానే సీలింగు సమస్య ఉండదని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఇక మామ్మగారు పగ్గాలు అందుకున్నారు. పిల్లకు రెండో పెళ్లా? పోన్లే పాపం, మంచిదే. మొదటాయన ఎలా పోయాడు? కలరాతోనా, అమెరికాలో కూడా వస్తుందా? పెళ్లికొడుకు ఏం చేస్తాడు? ఆవులున్నాయండీ అన్నాను. డెయిరీ అన్నమాట అని ఆవిడే కోడలికి వివరించారు. తల్లీ తండ్రీ? ఎవరూ లేరండీ అన్నాను. ఈ నవలల్లో హీరోలందరూ అనాథలే, నేనేం చేయను?

"అత్తగారు లేని ఆరు వందల నలభై ఎకరాలు" అని కోడలు మెల్లగా, తనలో తను అనుకుంది. తర్వాత ఇంకా మెల్లగా నన్ను అడిగింది, "భార్య పేరు మీద సగం నిజంగానే రాస్తారాండీ?"

"నువ్వు ఊరుకో" అన్నారు మామ్మగారు. "మంచం అన్నావు, మంచానికేమైంది?"

"ఇంట్లో ఒకటే ఉందండీ."

"అన్ని ఎకరాలున్నవాడు రెండో మంచం చేయించుకోలేడా? వడ్రంగులు లేరా ఆ ఊళ్లో?"

ఎన్నేళ్లుగా చదువుతున్నాను ఈ నవలలు! చుట్టూ అడవి, చేతిలో గొడ్డలి, ఇల్లంతా సొంతంగా కట్టుకున్న మనిషి. వాడు ఇంకో మంచం ఎందుకు చెక్కుకోడని నాకు ఒక్కసారీ తోచలేదు. మామ్మగారికి అర నిమిషం పట్టింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. "అంత భూమి ఊరికే ఇచ్చారంటే, అంతకుముందు అది ఎవరిదమ్మా?" అన్నారు.

నాకు తెలుసు. కలపూయా అనే తెగ వాళ్లది. వాళ్లతో ఒప్పందం కుదరక ముందే వాళ్ల భూమిని పంచేశారు. ఒప్పందం 1855లో జరిగింది, 1856లో వాళ్లను గ్రాండ్ రోండ్ అనే చోటికి తరలించారు. మౌంట్ హుడ్ అనే కొండ మీద పొద్దు పొడవడం ఆ నవలలో ఎన్నిసార్లు ఉందో లెక్క లేదు. ఈ ముక్క ఒక్కసారీ లేదు. మన పోచంపల్లిలో 1951లో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావేకు భూదానంగా వంద ఎకరాలిచ్చారు, కానీ ఆయన ఇచ్చింది తన భూమిని. ఇవన్నీ అక్కడ ఎలా చెప్పను? "ఖాళీ భూమేమోనండీ" అని గొణిగాను.

పెద్దాయన నవ్వారు. "ఖాళీ భూమంటూ ఎక్కడా ఉండదమ్మా. ఖాళీ అని మేము రికార్డులో రాస్తాం, అంతే."

అప్పటికే ఆయన పేపరు అంచు మీద నాలుగు గీతలు గీసి, హద్దులు వేసి, సగం అటూ సగం ఇటూ చేసి, భార్య వాటాలోకి నీళ్లెటునుంచి వస్తాయని నన్ను అడుగుతున్నారు. విల్లమెట్ నది అన్నాను. అది కూడా రాసుకున్నారు.

డోర్నకల్ దగ్గర రైలు ఒక్క కుదుపు కుదిపింది. నేను నవల చదువుతున్న ట్యాబ్ ఒళ్లోంచి జారి కింద పడింది. కరెంట్ అఫైర్స్ కుర్రాడు మర్యాదగా వంగి తీశాడు. వేలు తగిలి స్క్రీన్ వెలిగింది.

"ఈయనేనా అండీ పెళ్లికొడుకు?"

నేను చెయ్యి చాచేలోపు ట్యాబ్ మామ్మగారికి చేరింది. ఆవిడ తీరిగ్గా కళ్లజోడు తీసి, పైటచెంగుతో తుడిచి, పెట్టుకుని, ట్యాబ్‌ని ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పట్టుకుని చూశారు. కోడలు భుజం మీదుగా చూసింది. పల్లీల అబ్బాయి కూడా చూశాడు. వెలుగు సరిపోలేదేమో, మామ్మగారు ట్యాబ్‌ని కిటికీ వైపు తిప్పారు. జేక్ గారి ఛాతీ మీద ఎండ పడింది.

"ఒళ్లు గట్టిదే" అన్నారు చివరికి. "చొక్కా ఏదీ?"

ఇక లాభం లేదని చెప్పేశాను. నవలండీ, 1851 అండీ, వీళ్లెవరూ లేరండీ అని.

పెద్దాయన మొహం చూడలేకపోయాను. పేపరు మీద హద్దుల వైపు ఒకసారి చూసుకుని, వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "1851... నాలుగేళ్లు... మరి 1855 కల్లా పట్టా వచ్చేసి ఉండాలి కదమ్మా. ఇప్పుడెందుకు నీకు టెన్షన్?"

మామ్మగారు మాత్రం వదల్లేదు. "ముక్కూ మొహం తెలియనివాడికిచ్చి చేశారు, పోను పోను ఇష్టం పుట్టింది, అంతేనా? మా ఇంట్లోనే నలుగురికి అలా జరిగింది. దీనికి మూడు వందల పేజీలా? ఇంతకీ కలిసి ఉన్నారా, విడిపోయారా?"

"నేనింకా పూర్తి చేయలేదండీ."

"కలిసే ఉంటారు!" అని నా ఫోన్ అరిచింది. "చివర్లో కవలలు!"

వదిన. ఫోన్ పెట్టేయలేదు మహాతల్లి. ఇయర్‌బడ్ తీసినప్పటినుంచీ లైన్లోనే ఉండి, అంతా విని, సరిగ్గా అప్పుడు నోరు విప్పింది. నాకింకా ఎనభై ఎనిమిది పేజీలున్నాయి.

బోగీ అంతా సంతోషించింది. మామ్మగారు ట్యాబ్ తిరిగిచ్చి, నాకు రెండు జంతికలు పెట్టారు. వరంగల్లో దిగుతూ పెద్దాయన ఆ పేపరు ముక్క చింపి నాకిచ్చారు, ఉంచుకోమ్మా అని.

ఆ హడావిడిలో కుడి చెవిది ఎక్కడో పడిపోయింది. సీటు కింద పాకి వెతికాను, దొరకలేదు. నిన్న షాపుకి వెళ్లి ఒక్కటి ఇవ్వమని అడిగాను. కుదరదట. విడివిడిగా అమ్మరట, జతగానే కొనాలట.