కాలికి తగిలే సెగ వేరు, ఇంజిన్ వేడెక్కడం వేరు: ఆ ఏడు చిట్కాలు పాటించకండి

ఎండలు ముదరగానే ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలైంది. "బైక్ ఇంజిన్ వేడి కాళ్లకు తగలకుండా 7 చిట్కాలు" అని. ఆఫీసు గ్రూపులో వచ్చింది, మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, నిన్న మా మామయ్య కూడా పంపారు. చూడనివాళ్ల కోసం ఆ ఏడూ ఇవి: బండి ఆపగానే ఇంజిన్ మీద నీళ్లు పోయండి, కార్లకు వాడే పలచటి ఆయిల్ పావు లీటరు ఎక్కువే పోయించండి, ఖరీదైన పెట్రోల్ కొట్టించండి, రేడియేటర్ ఫ్యాన్ వైరు తీసేయండి, సైలెన్సర్లో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకించేయండి, ట్యాంకు సగానికి మించి నింపకండి, నిక్కరు వేసుకుని నడపండి.

వీటిలో నాలుగు బండిని పాడుచేస్తాయి, ఒకటి మనిషి కాలు కాలుస్తుంది. ఊరికే నవ్వి వదిలేద్దామంటే నా వల్ల కావడం లేదు, ఎందుకంటే విజయవాడలో డెలివరీ పని చేసే మా పిన్ని కొడుకు పోయినేడు మే నెలలో ఇందులో ఒక చిట్కా పాటించి బండి షెడ్డులో పెట్టుకున్నాడు, పని లేక పన్నెండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు.

వాడు చేసింది ఫ్యాన్ వైరు తీసేయడం. పల్సర్ ఎన్ఎస్200, డ్యూక్ 390 లాంటి లిక్విడ్ కూల్డ్ బండ్లు, అంటే కూలెంట్ అనే ద్రవంతో ఇంజిన్ చల్లబడే బండ్లు నడిపేవాళ్లకు ఈ బాధ తెలుసు. సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపటికి ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది, పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి వచ్చి మోకాళ్లకీ పిక్కలకీ కొడుతుంది. అప్పుడు ఫ్యాన్ మీద కోపం రావడం సహజమే. కానీ ఆ గాలి వేడిగా ఉందంటే ఫ్యాన్ తన పని చేస్తోందని అర్థం, కూలెంట్ ఇంజిన్ నుంచి మోసుకొచ్చిన వేడిని అది బయటికి తోసేస్తోంది. బండి కదులుతున్నంతసేపూ ఎదురుగాలి చేసే పనిని, బండి ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. దాన్ని ఆపేస్తే వేడి ఎక్కడికీ పోదు, లోపలే ఉండి కూలెంట్ మరిగిపోతుంది, ఇంజిన్ పైభాగం అతుకు దగ్గర సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. మావాడి బండికి జరిగింది సరిగ్గా అదే.

అసలు ఈ మెసేజ్‌లోని తప్పంతా ఇక్కడే ఉంది. ఇంజిన్ వేడెక్కడం, ఆ వేడి మన కాలికి తగలడం రెండూ ఒకటే అనుకుని రాశారు. పెట్రోల్లో ఉన్న శక్తిలో సుమారు పాతిక, ముప్పై శాతమే చక్రం దాకా వెళ్తుంది, మిగతాదంతా వేడిగా సైలెన్సర్ లోంచీ ఇంజిన్ ఒంటి మీదుగానూ బయటికి రావాల్సిందే. బాగున్న ఇంజిన్ కూడా సెగ కొడుతుంది. మనం చేయగలిగింది ఆ సెగను ఒంటికి తగలకుండా చూసుకోవడం, ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడి పుట్టకుండా చూసుకోవడం, అంతే.

ఇంజిన్ మీద నీళ్ల సంగతి. ఎండలో గంటసేపు నడిపి వచ్చిన ఇంజిన్ మీద బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే పైన లోహం ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, లోపల ఇంకా కాగుతూనే ఉంటుంది. స్టవ్ మీద కాలిన గాజు గిన్నెను కుళాయి కింద పెట్టమంటే మీరు పెడతారా? ప్రతిసారీ పగలకపోవచ్చు, కానీ లోహం వంకర పోయే ప్రమాదం ఉంది, బ్రేక్ డిస్కులకూ అంతే. పైగా బండి ఆపేశాక మీ కాలు ఇంజిన్ పక్కన ఉండదు కదా, అప్పుడు చల్లారిస్తే కాలికి ఒరిగేదేంటి? కడగాలంటే చల్లారాక కడగండి, అది మంచిదే. గాలితోనే చల్లబడే ఎయిర్ కూల్డ్ బండ్లలో ఫిన్స్ (ఇంజిన్ చుట్టూ ఉండే లోహపు రెక్కలు) మధ్య బురద, ఆయిల్ జిడ్డు పేరుకుంటే వేడి బయటికి పోదు.

ఆయిల్ చిట్కా ఇంకా చేటు. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ (ఇలాంటి క్లచ్ ఉన్న బైకులకు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) ఉందో లేదో చూసుకోమంటారు. కార్లకు వాడే పలచటి ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి కారుకు మంచివి, బైకులో పోస్తే క్లచ్ జారుతుంది. జారే క్లచ్ వేడి పుట్టిస్తుంది, తగ్గించదు. ఇక పావు లీటరు ఎక్కువ పోయడం గురించి: ఇంజిన్ లోపల తిరిగే క్రాంకు ఆ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ వస్తుంది, నురగ వచ్చిన ఆయిల్ సరిగా పాకదు. ఆయిల్ లెవెల్ పై గీత దాటకూడదు, కింది గీత కిందికి రాకూడదు. ఎయిర్ కూల్డ్ ఇంజిన్లో వేడిని మోసుకెళ్లే పనిలో చాలా భారం ఆయిల్‌దే, కాబట్టి పదిహేను రోజులకోసారి బండి నిటారుగా నిలబెట్టి లెవెల్ చూడండి, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే వేయించండి.

ఖరీదైన పెట్రోల్ చల్లగా మండుతుందన్నది ఉత్తమాట. 95 అయినా 100 అయినా ఆ ఆక్టేన్ అంకె చెప్పేది, పెట్రోల్ వేళ తప్పి మండి టకటక కొట్టే నాకింగ్‌ను ఎంతవరకు తట్టుకుంటుందనే. మీ బండి మామూలు పెట్రోల్‌కు తయారైనదైతే, టకటకమని నాకింగ్ కొట్టకపోతే, కాలికి తేడా ఏమీ తెలియదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ విషయంలో మాత్రం ఒక నిజం ఒప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో దాన్ని ఇంజిన్‌కు బాగా దగ్గరగా పెట్టారు, ఎందుకంటే అది రెండు మూడు వందల డిగ్రీలకు చేరితే గానీ పని మొదలుపెట్టదు, దగ్గరుంటే త్వరగా వేడెక్కుతుంది. అందుకే పాత బండి నుంచి కొత్త బండికి మారినవాళ్లు సెగ ఎక్కువైందంటే అబద్ధం కాదు. కానీ అది పీకించినా ఇంజిన్ నుంచి పొగ తీసుకెళ్లే బెండ్ పైపు అక్కడే ఉంటుంది, అందులోంచి దాదాపు అంతే వేడి పొగ పోతుంది. పైగా అది చట్టప్రకారం తప్పు, మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల దాకా జరిమానా పడుతుంది. జరిమానా పక్కన పెట్టినా, సిగ్నల్ దగ్గర మీ వెనకే స్కూటీ మీద ముందు పిల్లాణ్ని నిలబెట్టుకుని ఆగిన తల్లి ఆ కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తుంది. నాకు అది చాలు, ఆ పని చేయకూడదనడానికి.

ట్యాంకు సగానికి మించి నింపితే ఎండకు పేలుతుందన్న కథ పాతదే. వేసవిలోనైనా చలికాలంలోనైనా కంపెనీ చెప్పిన పరిమితి వరకు నింపుకోవచ్చని ఇండియన్ ఆయిలే ప్రకటించింది. మూత అంచుదాకా నింపమని కాదు, లోపల కొంచెం ఖాళీ ఉండాలి. నిజానికి నిండా ఉన్న ట్యాంకు నెమ్మదిగా వేడెక్కుతుంది, తొడలకు అదే నయం. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోల్‌తోనే చల్లబడుతుంది కూడా.

నిక్కరు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గాలి తగిలితే చల్లగా ఉంటుందనేది ఫిబ్రవరి మాట. మన చర్మం వేడి 33, 35 డిగ్రీల మధ్య ఉంటుంది, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు గాలి 43 ఉంటే ఆ గాలి మనల్ని చల్లబరచదు, కాలుస్తుంది. చెమట పట్టీపట్టక ముందే ఆరిపోయి ఒంట్లో నీళ్లు పోతాయి. ఇంజిన్ సెగ నేరుగా చర్మానికే కొడుతుంది. సైలెన్సర్ చాలా బండ్లకు కుడివైపు ఉంటుంది, దిగేటప్పుడు కుడి పిక్క దానికి తగిలిందంటే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. వదులైన మందపాటి కాటన్ ప్యాంటు, లేదా రైడింగ్ మెష్ ప్యాంటు, మోకాలి కిందిదాకా సాక్సు, చీలమండ కప్పే బూటు, ఇవి నేను మూడు వేసవుల నుంచి వాడుతున్నాను, తేడా మొదటిరోజే తెలిసింది. ఒకవేళ కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు వద్దు.

మరి సెగ తగ్గడానికి ఏం చేయాలి అంటారా? బెండ్ పైపు మీద రేకు కవర్ ఊడిపోతే, బోల్టు పోతే వెంటనే వేయించండి, చాలామంది గలగల చప్పుడొస్తోందని తీసి పడేస్తారు. క్రాష్ గార్డుకు బ్యాగులు, ఫ్లెక్సీ ముక్కలు కట్టి ఇంజిన్‌కు గాలి అడ్డం పెట్టకండి. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద గంటలు నడపకండి. సిగ్నల్ అంకె ముప్పై దాటి ఉంటే ఇంజిన్ ఆపేయండి. బ్రేకు పట్టేసి ఉందేమో చక్రం ఎత్తి తిప్పి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా టెంపరేచర్ లైటు వెలిగినా, బండి పికప్ పడిపోయినా అది కాలి బాధ కాదు, ఇంజిన్ బాధ. నీడ చూసి పక్కకు ఆపండి. రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి, లోపల ఒత్తిడితో మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. అరగంటైనా ఆగి, చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలాక చూడండి, కూలెంట్ తక్కువుంటే మెకానిక్‌ను పిలవండి.