ఎస్‌జీపీటీ 58 చూసి గుండె మాత్ర మానేస్తారా?

మా పెదనాన్నకి నాలుగేళ్ల కిందట స్టెంట్ వేశారు. అప్పటినుంచీ రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ వేసుకునేవారు, అది స్టాటిన్లనే కొలెస్ట్రాల్ తగ్గించే మందుల్లో ఒకటి. కిందటేడు హెల్త్ చెకప్ చేయించుకుంటే ఎస్‌జీపీటీ (లివర్ కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్) 58 అని వచ్చింది, పక్కనే ఎర్ర అక్షరాల్లో "హై" అని. రిపోర్టు ఇచ్చినవాళ్లు ఒక్క ముక్క విడమరిచి చెప్పలేదు. "కొలెస్ట్రాల్ మాత్ర లివర్‌ని తినేస్తుంది" అని ఎవరో అంటే విని, డాక్టర్ని అడక్కుండా మానేశారు. మాకు తెలిసేసరికి ఎనిమిది నెలలైంది. 70 లోపు ఉండే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 148కి చేరింది.

ఆ "హై" అన్న మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఎస్‌జీపీటీ హద్దు చాలా ల్యాబుల్లో 40 దగ్గర్లో ఉంటుంది. స్టాటిన్ వాడేవాళ్లలో డాక్టర్లు ఆలోచనలో పడేది అది హద్దుకి మూడు రెట్లు దాటి, మళ్లీ పరీక్ష చేసినా అలాగే ఉన్నప్పుడు. అంటే సుమారు 120 పైన. అలా పెరిగేది కూడా నూటికి ఒకరిద్దరిలోనే, అదీ చాలామందిలో డోసు తగ్గిస్తేనో, దానంతటదేనో దిగుతుంది. స్టాటిన్ వల్ల లివర్ నిజంగా దెబ్బతినడం లక్షలో ఒకరికి జరిగే సంగతి. స్టెంట్ ఉన్న మనిషి మాత్ర మానేస్తే గుండెకి వచ్చే ముప్పు అంత అరుదైనది కాదు!

ఈ భయం ఊరికే పుట్టలేదు లెండి. 1987లో అమెరికాలో మొదటి స్టాటిన్, లోవాస్టాటిన్, వచ్చినప్పుడు లివర్ పరీక్షలు పదేపదే చేయించమనేవారు. కొత్త మందు కదా, ఆ జాగ్రత్త సబబే. పాతికేళ్లు చూశాక తేలిందేమిటంటే, ఆ అరుదైన దెబ్బ ఎవరికి ఎప్పుడు తగులుతుందో ముందే చెప్పలేం, నెలనెలా రక్తం తీసినా అది దొరకదు. అందుకే 2012లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ నియమం తీసేసింది. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత లక్షణాలు కనిపిస్తేనే చాలంది. బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు మూడు నెలల్లోపు ఒకసారి, ఏడాదికి ఒకసారి చూసి, అవసరం పడితే తప్ప మళ్లీ వద్దంటాయి.

పరీక్షే వద్దని నేననడం లేదు. మొదటి పరీక్ష తప్పక చేయించాలి, లేకపోతే తర్వాత పెరిగినది మందు వల్లో, ముందునుంచీ ఉన్న ఫ్యాటీ లివర్ వల్లో ఎలా తెలుస్తుంది? మా పెదనాన్నది ఫ్యాటీ లివరే. అది ఉన్నంతమాత్రాన స్టాటిన్ మానక్కర్లేదు. పైగా ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది గుండె జబ్బే.

కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, ఒళ్లంతా దురద పెట్టినా, ఆకలి చచ్చిపోయినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎస్‌జీపీటీతో పాటు బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థం) కూడా పెరిగితే అది వేరే సంగతి, ఆలస్యం చేయకూడదు. వారసత్వంగా వచ్చే తీవ్రమైన కొలెస్ట్రాల్ జబ్బుకి వాడే లోమిటాపైడ్ లాంటి మందుకైతే లివర్ పరీక్షలు క్రమం తప్పకూడదు.

ఇంకోటి. మాత్ర మానేసి "సహజమైనది" అని రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర బూజుతో పులియబెట్టిన బియ్యం) క్యాప్సూల్స్ మింగేవాళ్లున్నారు. అందులో పనిచేసే మొనాకొలిన్ కె, లోవాస్టాటిన్ రెండూ ఒకే పదార్థం. తేడా అల్లా, ఆ క్యాప్సూల్లో అది ఎంతుందో మీకు తెలియదు.

పెదనాన్న మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత ఎస్‌జీపీటీ 51. పక్కన "హై" అని అలాగే ఉంది. ఈసారి ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి నేనే వెంట వెళ్లాను.