కనిపించకుండా పోయిన గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ గారికి బహిరంగ లేఖ

గేర్‌బాక్సులో ఆయిల్ ఎంత ఉందో చూపే కడ్డీ, మహారాజశ్రీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ గారికి, లక్షన్నర కిలోమీటర్లు దాటిన ఒక కారు యజమాని అనేక నమస్కారములతో వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీరు ఎక్కడున్నారో తెలియదు, మీరు చూసుకోవలసిన ఆయిల్ ఎలా ఉందో అంతకన్నా తెలియదు కాబట్టి ఉభయుల కుశలమూ ప్రస్తుతానికి అనుమానమే. బానెట్ ఎత్తితే ఇంజన్ ఆయిల్ సంగతి చెప్పే మీ తమ్ముడు గారు పసుపు పిడితో బుద్ధిగా కనిపిస్తున్నారు. మీరు ఉండవలసిన చోట మాత్రం నున్నటి అల్యూమినియం తప్ప మరేమీ లేదు.

మీ పదవీ విరమణకు కార్ల కంపెనీలు చెప్పిన కారణం నేను శ్రద్ధగా చదివాను. గేర్‌బాక్సులో ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందట. జీవితకాలం పనిచేసేదాన్ని యజమాని చూడవలసిన పని లేదట. చూడవలసిన పని లేనప్పుడు చూపించే సాధనం దండగట. ఇదే తర్కం ప్రకారం పెట్రోలు ముల్లును కూడా తీసేసి, బంకు వారు నిండుగానే పోసి ఉంటారని నమ్ముకుంటూ ప్రయాణం చేయవచ్చు. కొన్ని జర్మన్ కార్లలో ఇంజన్ డిప్‌స్టిక్‌ను కూడా సాగనంపి దాని బదులు తెర మీద ఒక బొమ్మ చూపిస్తున్నారు కాబట్టి, మీ తమ్ముడి ఉద్యోగానికీ ఏమంత భద్రత లేదని మీకు చెప్పక తప్పదు.

మిమ్మల్ని సాగనంపిన పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది 1990ల చివర్లో మెర్సిడెస్ ఐదు గేర్ల ఆటోమేటిక్‌లో కనిపించినది. అందులో మీ గొట్టం అలాగే ఉంచారు, దానికి మూత పెట్టారు, ఆ మూత ఊడకుండా ప్లాస్టిక్ చీల కూడా బిగించారు. లోపల మీరు మాత్రం లేరు, కొలిచే కడ్డీ వర్క్‌షాపు వారి పనిముట్ల పెట్టెలో ఉంటుంది. గుడి కట్టి, తలుపుకు తాళం వేసి, విగ్రహాన్ని అర్చకుడి ఇంట్లో దాచినట్టుంది ఈ ఏర్పాటు. ఆ గేర్‌బాక్సు ఆయిల్‌ను మార్చనక్కర్లేదని మొదట ప్రకటించిన కంపెనీయే కొన్నేళ్ల తరువాత 60,000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి మార్చాలని సవరించుకుంది. అమరత్వానికి కూడా సవరణలు ఉంటాయని అప్పుడే తెలిసింది.

గేర్‌బాక్సును నిజంగా తయారుచేసేవారు ఏమంటున్నారో కూడా మీ దృష్టికి తేవాలి. జెప్పెలిన్ గాలిఓడలకు పళ్లచక్రాలు చేయడానికి 1915లో జర్మనీలోని ఫ్రెడ్రిక్స్‌హాఫెన్‌లో పుట్టిన జెడ్ఎఫ్ కంపెనీ, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గానీ ఎనిమిదేళ్లకు గానీ తన గేర్‌బాక్సుల ఆయిల్ మార్చమని చెబుతోంది. అదే గేర్‌బాక్సును తమ కారులో బిగించుకుని అమ్మేవారిలో కొందరు మాత్రం అందులోని ఆయిల్‌కు మరణం లేదంటారు. వీరిద్దరిలో ఎవరి మాట నమ్మాలో నిర్ణయించుకోవడానికి నాకు పెద్దగా సమయం పట్టలేదు. ఒకరు లోపల ఏముందో తెలిసినవారు, రెండోవారు వారంటీ ఎప్పుడు ముగుస్తుందో తెలిసినవారు.

మీరు ఉద్యోగంలో చేరిన కాలంలో ఆయిల్‌కు ఇంత గీర లేదు. జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం బయటికి తెచ్చింది. పదేళ్లకు, 1949లో, ఆటోమేటిక్‌ల కోసం టైప్ ఎ అనే ఆయిల్ ప్రమాణం వచ్చింది. క్లచ్ ప్లేట్ల పట్టు మెత్తగా, కుదుపు లేకుండా ఉండడానికి ఆ కాలపు ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చిన తరువాత రసాయన శాస్త్రవేత్తలు దానికి బదులు వెతకవలసి వచ్చింది. అంత పెద్ద ప్రాణిని బలి ఇచ్చి తీసిన నూనె కలిసిన ఆయిల్‌ను కూడా ఎవరూ చిరంజీవి అనలేదు, పక్కన మిమ్మల్ని కాపలా పెట్టడమూ మానలేదు.

ఇక యజమాని పుస్తకం విషయానికి వస్తాను. కొన్ని కంపెనీల పుస్తకాల్లో సర్వీసు పట్టికలు రెండు ఉంటాయి. మామూలు వాడకం పట్టికలో ఆటోమేటిక్ ఆయిల్‌కు ఎదురుగా తనిఖీ అక్కర్లేదు, సర్వీసు అక్కర్లేదు అని నిశ్చింతగా రాసి ఉంటుంది. కొన్ని పేజీల తరువాత, కాస్త చిన్న అక్షరాల్లో, కఠిన వాడకం అనే రెండో పట్టిక వస్తుంది. అక్కడ అదే ఆయిల్‌ను ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని ఉంటుంది. కఠిన వాడకమంటే సహారా ఎడారిలో పందెం కాదు. దుమ్ము రోడ్లు, కొండ దారులు, ఆగుతూ సాగే ప్రయాణాలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ మధ్య నడపడం అందులోకి వస్తాయి. ఫిబ్రవరి దాటాక అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి వెళ్లే ప్రతి కారూ, మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ ప్రతి కారూ, కుటుంబమంతటినీ సామానుతో సహా ఎక్కించుకుని తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే ప్రతి కారూ కఠిన జీవితమే గడుపుతోందన్నమాట. మామూలు వాడకం పట్టిక ఏ ఊరి వారి కోసం అచ్చు వేశారో నాకు అంతుపట్టలేదు.

ఆ రద్దీలో లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసు గానీ, మీరు వెళ్లిపోయాక కార్లు కొన్నవారికి ఎవరూ చెప్పలేదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ తిప్పే రెక్కల చక్రం ఒకటి, గేర్‌బాక్సును తిప్పే రెక్కల చక్రం ఇంకొకటి ఎదురెదురుగా ఉంటాయి. మొదటిదాని నుంచి రెండోదానికి శక్తిని మోసుకెళ్లేది ఆయిలే. హైవే మీద ఆ రెండూ లాక్ అయి ఒకటిగా తిరుగుతాయి కాబట్టి వేడి తక్కువ. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు తొక్కినప్పుడు ఒకటి తిరుగుతూనే ఉంటుంది, రెండోది కదలదు, మధ్యలో ఆయిల్ చిలకబడి వేడెక్కుతుంది. ఆయిల్ వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది ఆక్సీకరణతో చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క. గేర్లు మార్చే హైడ్రాలిక్ ఒత్తిడి కలిగించడం, పళ్లచక్రాలు అరగకుండా చూడడం, వేడిని కూలర్‌కు మోసుకెళ్లడం, క్లచ్ ప్లేట్లు జారకుండా, అలాగని కుదుపుతో అతుక్కోకుండా సమన్వయం చేయడం అనే నాలుగు ఉద్యోగాలు చేసే ఆ ఆయిల్‌కు సెలవు లేదు, పింఛను లేదు; ప్రశంసాపత్రం మాత్రం జీవితకాలానికి ముందే ఇచ్చేశారు.

మీరున్న రోజుల్లో ఇదంతా ఒక తెల్లగుడ్డ మీద తేలిపోయేది. మామూలుగా ఇంజన్ నడుస్తూ, ఆయిల్ వేడెక్కి ఉన్నప్పుడు మిమ్మల్ని బయటికి తీసి తుడిచి మళ్లీ ముంచేవారు. హోండా వారు మాత్రం ఇంజన్ ఆపి చూడమనేవారు, అది వారి సంప్రదాయం. ఎర్రగా, తేటగా ఉంటే సంతోషం. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అనుమానం. గులాబీ రంగు పాలలా కనిపిస్తే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి కూలెంట్ నీళ్లు కలిశాయని అర్థం, అప్పుడు కారును ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకూడదు. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదన్నది నిజమే, కొన్ని ఆయిళ్లు చెడకుండానే త్వరగా నల్లబడతాయి. అయినా సాక్షి సరిగ్గా చెప్పలేకపోతున్నాడని సాక్షినే లేకుండా చేయడం ఏ న్యాయస్థానంలోనూ చూడలేదు.

మీరు ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు ఒక సలహా కూర్చుంది. లక్ష దాటిన కారు తీసుకుని ఏ షెడ్డుకు వెళ్లినా, "సార్, బాగా నడుస్తున్న దాన్ని కదిలించకండి, ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అని గంభీరంగా చెబుతారు. ఈ నమ్మకం ఎలా పుట్టిందో ఆలోచించాను. గేర్ జారడం మొదలయ్యేదాకా ఎవరూ ఆయిల్ గుర్తుచేసుకోరు. జారడం మొదలయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మార్పించడానికి పరుగెత్తుతారు. కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అరిగిపోయిన ప్లేట్ల మీద కొత్త పొర మొలవదు కాబట్టి ఆ గేర్‌బాక్సు ఎలాగూ పోతుంది, నింద మాత్రం చివరగా ముట్టుకున్న ఆయిల్ మీద పడుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది, కాకిని శిక్షించారు.

ఆ భయంలో నిజం అసలు లేదని అనను. ఏళ్ల తరబడి మార్చని గేర్‌బాక్సుకు యంత్రం తగిలించి, ఒత్తిడితో, పైగా ఏదో శుభ్రపరిచే మందు కూడా కలిపి ఒక్కసారిగా కడిగితే, మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి, గేర్లు మార్చడానికి ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో చిక్కుకోవచ్చు. అందుకని నా పక్షపాతం నెమ్మది పద్ధతి వైపే. అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే చాంబర్, విప్పి ఉన్నంత ఆయిల్ వదిలేయాలి. ఫిల్టర్ మార్చే వీలుంటే మార్చాలి (జెడ్ఎఫ్ ఆరు, ఎనిమిది గేర్ల వాటిలో ఫిల్టర్ ప్లాస్టిక్ చాంబర్‌తోనే కలిసి వస్తుంది, దాని ధర వినేటప్పుడు కూర్చుని వినడం మంచిది). అయస్కాంతాలకు అంటిన బూడిదరంగు ముద్దను తుడవాలి. ఆ ముద్ద మెత్తగా ఉంటే వయసు లక్షణం, రవ్వలూ ముక్కలూ ఉంటే ఆయిల్‌తో తీరే జబ్బు కాదు. టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ దిగదు కాబట్టి ఒక్కసారికి సగం మాత్రమే మారిందనుకుందాం. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ మారిస్తే 75 శాతం, మూడోసారికి 87.5 శాతం కొత్తదవుతుంది. నిజానికి ఇదంతా 60,000 దగ్గర మొదలుపెట్టి క్రమంగా చేసి ఉంటే ఎవరూ భయపడే అవసరమే రాదు.

ఎర్రగా ఉన్నదంతా ఒకటే ఆయిల్ అనుకునేవారి గురించి కూడా మీకు ఫిర్యాదు చేయాలి. ఎరుపు కేవలం కలిపిన రంగు; ఏ గేర్‌బాక్సుకు ఏ ప్రమాణం అన్నది పుస్తకంలో ఉంటుంది, డబ్బా మీద అదే ఉండాలి. సీవీటీలో, అంటే మెట్లు మెట్లుగా గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌లో, ఉక్కు బెల్టు పట్టు కోసం వేరే ఆయిల్ కావాలి. 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రానిది. అక్కడ మీ ఊసే లేదు.

చివరి అవమానం ఆయిల్ నింపేటప్పుడు జరుగుతుంది. మీరుంటే రెండు గీతల మధ్య చూసుకునేవాళ్లం. ఇప్పుడు కారును సమానంగా లిఫ్టు ఎక్కించి, ఇంజన్ నడుపుతూ, గేర్లన్నీ ఒకసారి తిప్పి, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, జెడ్ఎఫ్ వారిదైతే 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే నింపే బోల్టు విప్పి, ఎక్కువైన ఆయిల్ ధార సన్నబడి చుక్కలయ్యేదాకా ఆగి మూయాలి. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి హద్దు దాటాక చూస్తే నిండుగా ఉన్నట్టు భ్రమపెట్టి, లోపల తక్కువగా మిగిలిపోతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో నీడన నిలిపిన కారైనా ఇంజన్ వేయకముందే ఆ హద్దుల మధ్యకు చేరుకుంటుంది; జర్మనీ వారికి ఈ సదుపాయం లేదు. మన షెడ్డుల్లో చాంబర్‌ను అరచేత్తో ముట్టుకుని "సరిపోయింది సార్" అనే ఉష్ణమాపకాలు కూడా ఉన్నాయి, వాటిని నేను గౌరవపూర్వకంగా తిరస్కరిస్తున్నాను. ఇంకొక జాగ్రత్త: నింపే బోల్టు ఊడుతుందని రుజువైన తరువాతే వదిలే బోల్టు విప్పనివ్వాలి, లేకపోతే ఖాళీ గేర్‌బాక్సుతో కారు లిఫ్టు మీదే కాపురం ఉంటుంది.

ఆ మెర్సిడెస్ గొట్టంలో సరిపోయే కడ్డీలను బయటి కంపెనీలు చేసి అమ్ముతున్నాయని తెలిసింది. మీ వంశం పూర్తిగా అంతరించలేదన్నమాట. నా గేర్‌బాక్సుకు గొట్టమే లేదు కాబట్టి ఆ భాగ్యం నాకు దక్కదు. అందుచేత వచ్చే శనివారం ఉదయమే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా, లిఫ్టు ఖాళీగా ఉంచమనీ, పుస్తకంలో ఉన్న ప్రమాణం ఆయిల్‌ను సీలు విప్పని డబ్బాల్లో చూపించమనీ, స్కానర్‌ను ముందురోజు రాత్రే చార్జింగు పెట్టమనీ వర్క్‌షాపు వారికి చెప్పాను. మొదటి రెండిటికీ వారు ఒప్పుకున్నారు.

ఇట్లు,
భవదీయుడు,
డ్రైవ్‌లో ఉండి బ్రేకు మీద కాలు పెట్టిన ఒక యజమాని